దర్జీ కొట్టు దగ్గర దిగేవాళ్ళు

నాకు కారు లేదు. ఎందుకు లేదని అడిగేవాళ్ళకు నడపడం రాదని చెబుతాను. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే కారు లేదు కదా అంటాను. ఈ రెండు జవాబులతో ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

బడులకు సైన్సు ల్యాబు సామాన్లు అమ్మే ఉద్యోగం నాది. ఉత్తరాన కావలి దాకా, దక్షిణాన గూడూరు దాకా, తూర్పున సముద్రం అడ్డం వచ్చేదాకా నాదే బాధ్యత. గూడూరుకు ప్యాసింజరు రైలు. తిరుగు ప్రయాణంలో నిమ్మకాయల మూటల మధ్య చోటు దొరికిన రోజు, ఎక్కడికి పోయొచ్చానో ఇంట్లో చెప్పాల్సిన పని ఉండదు. కృష్ణపట్నం వైపు ఎర్ర బస్సు. ఒకసారి ఆ బస్సులో ఒక హైస్కూలుకు ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తీసుకుపోయాను. సీట్లో కూర్చోబెడితే ఫుల్ టికెట్టు, పైన పెడితే లగేజీ అన్నాడు కండక్టరు. పైన పెట్టాను. దాని చెయ్యి ఒకటి కిందికి వేలాడుతూ, బ్రేకు పడినప్పుడల్లా ముందు సీటు పెద్దాయన భుజం తట్టింది. ఆయన మూడుసార్లు "జరిగే చోటు లేదు, ఎనక్కి పోబ్బా" అని విసుక్కుని, నాలుగోసారి తిరిగి చూశాడు.

పోయినవాళ్ళతో బస్సు ప్రయాణం నాకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

కృష్ణపట్నం రోడ్డులో దర్జీ కొట్టు అని ఒక స్టేజి ఉంది. స్టేజి అంటే బస్సు ఆగి, చార్జీ మారే చోటు. అక్కడి నుంచి లోపలికి కిలోమీటరు నడిస్తే ఒక ఊరు వస్తుంది. ఊరికి పేరుంది గానీ బస్సుకు అది అక్కర్లేకపోయింది. రోడ్డు పక్కన ఒక కొట్టు, కొట్టులో కుట్టు మిషను, మిషను వెనక మా నాన్న. బస్సుకు ఆ గుర్తు చాలింది.

మా ఇంట్లో తండ్రిని అబ్బా అంటాం. తెలుగులో దెబ్బ తగిలినా అబ్బా అనే అంటారు. మా నెల్లూరు వైపు ఏమీ తగలకపోయినా మాట చివర అదే తగిలిస్తారు. ఏందబ్బా, పోదాంబ్బా, జరగబ్బా. చిన్నప్పుడు బస్సెక్కితే బస్సు నిండా జనం మా నాన్నను పిలుస్తున్నట్టు ఉండేది. ఇప్పుడూ అలాగే ఉంటుంది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒకటే. అప్పుడు ఆయన పలికేవారు.

ఆయన పనితనం మంచిది. సమయం సంగతి వేరు. వెనకట దయ్యాలు రాకుండా తలుపుల మీద 'రేపు రా' అని రాసుకునేవారట. మా నాన్న రాతల దాకా పోలేదు, వచ్చిన మనిషి ముఖానే చెప్పేవారు. పండగ బట్టలు పండగ మర్నాడు ఇచ్చేవారు. బడి తెరిచే నాటికి యూనిఫారాలు ఏవని అడిగితే, "పిల్లకాయలు అప్పటికి పెరగరా? ఇప్పుడే కుడితే చాలతాయా?" అని ఎదురు అడిగేవారు. పెరిగిన పిల్లకాయలకు నిజంగానే సరిపోయేవి.

ఆయన నెల్లూరులో మా ఇంట్లోనే ఉంటూ రోజూ పొద్దున బస్సులో కొట్టుకు పోయేవారు. వచ్చే స్టేజి తనదేనని ఆయనకంటే ఎక్కువ తెలిసినవారు ఆ బస్సులో ఉండరు. అయినా కండక్టరు "దర్జీ కొట్టు, దర్జీ కొట్టు" అని కేక వేసేదాకా సీట్లోంచి లేచేవారు కాదు. "పిలవనీరా, పిలిస్తే దిగుదాం" అనేవారు. జీవితంలో ఆయన చూపిన డాంబికం ఇంతే.

చివరి ఏడాది ఆయనకు నా చొక్కాల మీద దృష్టి పడింది. నేను రెడీమేడు వేసుకుంటాను. దర్జీ కొడుకు రెడీమేడు వేసుకోవడం గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా కుట్టుపనిలాగే శ్రద్ధగా చేసేవారు. ఒకరోజు మాత్రం అడిగారు.

"నీకొక చొక్కా కుట్టాల. కొట్టుకు రా, కొలత తీస్తా."

"ఇంట్లోనే తియ్యి అబ్బా."

"టేపు కొట్లో ఉండాది."

"తెచ్చుకుంటే పోలా?"

"ఇంట్లో తీసిన కొలత నిలబడదురా."

"సరే, రేపొస్తా."

ఒక రంజాను నుంచి ఇంకో రంజాను దాకా రేపు వస్తూనే ఉన్నాను. వారానికి రెండుసార్లు ఆ కొట్టు ముందు నుంచే పోయేవాణ్ణి. హారను వినగానే ఆయన తలెత్తి కత్తెర పైకి చూపేవారు. తిరుగు బస్సులో దిగుతానని నేను కిటికీలోంచి సైగ చేసేవాణ్ణి. తిరుగు బస్సులో ఎప్పుడూ కునుకు పట్టేది.

ఒక మధ్యాహ్నం హారను మోగినా ఆయన తలెత్తలేదు. డ్రైవరు బస్సు ఆపి దిగి చూశాడు. తల మిషను మీద ఆనించి ఉందట, పాదం ఇంకా పెడలు మీదే ఉందట. ఆ వేళకు నేను గూడూరు రైల్లో, నిమ్మకాయల మధ్య ఉన్నాను. బల్ల మీద మడత పెట్టిన నీలం గుడ్డ దొరికింది, రెండున్నర మీటర్లు. అంచు మీద సుద్దతో 'మావాడు' అని రాసి ఉంది. కత్తెర తగల్లేదు. కొలత లేదు కదా. అది ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

తరువాత ఓడరేవు లారీలకు రోడ్డు చాలక వెడల్పు చేశారు. కొట్టు పోయింది. రోడ్డుకు అక్కర్లేని వెనక భాగం కొంత సిమెంటు అరుగులా మిగిలింది. దాని మీద మిషను కాళ్ళు దిగబడిన నాలుగు గుంటలు అలాగే ఉన్నాయి.

మనిషి పోయినా, కొట్టు పోయినా బస్సు మాత్రం ఆగేది. కండక్టరు కేక వేసేవాడు. పోయినవాళ్ళను తలుచుకోవడానికి ఇతరులకు ఏడాదికొక రోజు ఉంటుంది. మాకు రోజుకు పన్నెండు ట్రిప్పులు. బస్సు అక్కడ ఆగి ఇంజను ఆడుతుంటే కిటికీ అద్దాలు కొట్టుకుంటాయి. టకటక టకటక, కాస్త ఆగి, మళ్ళీ టకటక. గుడ్డ మలుపు తిప్పడానికి పెడలు మీద కాలు ఆపినప్పుడు మిషను సరిగ్గా అలాగే ఆగుతుంది. మిగతా స్టేజీల్లో అద్దాలు అలా కొట్టుకోవు. మిగతా స్టేజీల్లో నేను వినను అనే వివరణ కూడా ఉంది. సైన్సు సామాన్లు అమ్మేవాణ్ణి కాబట్టి రెండోదాన్నే నమ్ముతాను. బస్సు అక్కడి నుంచి కదిలాక నమ్ముతాను.

అప్పుడు టికెట్టు మిషను మారింది. కొత్త మిషనులో స్టేజీల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాలి. దర్జీకి జె కొట్టాల్సిన చోట ఎవరో జి కొట్టారు. దర్జీ కాస్తా దర్గి అయింది. తరువాత ఇంకెవరో బాధ్యత గల మనిషి, దర్గి అనే మాటే లేదని కనిపెట్టి తప్పు దిద్దాడు. దర్గా అయింది.

"దర్గా దిగేవోళ్ళు రండి, దర్గా, దర్గా!" అని కండక్టరక్క మొదటిసారి కేక వేసిన రోజు నేను బస్సులోనే ఉన్నాను. అక్కడ దిగే ఒకతని టికెట్టు చూశాను. దాని మీదా అదే ఉంది.

"అక్కా, ఇక్కడ దర్గా యాడుంది?"

"మిషన్లో అట్నే ఉండాది సార్."

"ఇది దర్జీ కొట్టక్కా."

ఆమె వంగి కిటికీలోంచి చూసింది. "దర్జీ యాడుండాడు సార్?"

"దర్గా మాత్రం యాడుంది?" అన్నాను.

"ఇద్దరూ లేనప్పుడు మిషన్లో ఉండేదే రైటు సార్."

వెనక సీటతను కల్పించుకున్నాడు. "లేకపోవడమేందన్నా, చానా పవరున్న దర్గా. మా బామ్మర్దికి ఈడ మొక్కినాకే బిడ్డ పుట్టింది." మా రూటులో తెలియదని ఒప్పుకునే ప్రయాణికుడు ఇంతవరకు బస్సెక్కలేదు.

నేను డిగ్రీ చదివినవాణ్ణి. అందుకని డిపోకు అర్జీ రాశాను. అయ్యా, సదరు స్థలంలో దర్గా లేదు, ఉన్నది దర్జీ కొట్టు, పేరు సరిచేయ ప్రార్థన. ఉన్నది అని ఎందుకు రాశానో తెలియదు. ఉండేది అని రాయడానికి చెయ్యి రాలేదు. మా నాన్నను పేరు పెట్టి కాకపోయినా పని పెట్టి పిలిచే గొంతు ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. అది పోతే ఆయన పూర్తిగా పోయినట్టేనని నాకు తోచింది. ఈ సంగతి అర్జీలో రాయలేదు.

అర్జీ పంపిన రెండు నెలలకు, ఒక గురువారం బస్సు అక్కడ ఆగినప్పుడు అరుగు మీద అగరొత్తుల పొగ కనిపించింది. ఆయన పోయాక ఆ స్టేజిలో దిగడం అదే మొదటిసారి. కొలతకు రమ్మని ఆయన పిలిస్తే దిగనివాణ్ణి పొగ చూసి దిగాను.

యాభై ఏళ్ళామె. పక్కన వైరు బుట్ట, చక్కెర పొట్లం. మిషను కాలి గుంటలో అగరొత్తులు గుచ్చి, అరుగు మీద పచ్చ గుడ్డ పరిచి, చేతులు కట్టుకుని కూర్చుంది. మా నాన్న ముందు గుడ్డ పెట్టి ఆశగా చూసే మనుషులు నాకు కొత్త కాదు గానీ, ఇంత ఓపికగా చూసేవాళ్ళు కొత్త.

"చెప్పులు ఇడిచి రాన్నా" అంది.

విడిచాను. చిన్నప్పుడు ఆ కొట్లోకి చెప్పులతోనే పోయేవాణ్ణి.

"ఏ ఊరమ్మా?"

"మాది మైపాడు పక్కన పల్లెపాళెం. చేపలోళ్ళం. ఇప్పుడు కృష్ణపట్నం కాడ కూతురింట్లో ఉండాము, ఆస్పత్రికి తిరిగేదానికి ఈ బస్సు వాటమని. ఆయన్ని మిషను కాడ పెట్టి వచ్చినా."

నేను గుంటల వైపు చూశాను. "ఏ మిషను?"

"రక్తం కడిగే మిషను. కిడ్నీలు పొయినాయన్నా. నెల్లూరులో వారానికి రెండు దినాలు. నాలుగు గంటలు పడతాది. ఆడ కూసుంటే నాకు ఊపిరాడదు. వచ్చినప్పుడల్లా ఈ కండక్టరు దర్గా దర్గా అని అరస్తా ఉంటే ఒక దినం దిగినా. అప్పట్నుంచి బేస్తవారం బేస్తవారం వస్తా, అడుగుతా, మళ్ళా బస్సుకు పోతా."

"ఏమడుగుతావు?"

"బాగుచెయ్యమని అడిగే కాలం దాటిపొయిందన్నా. డాక్టరే చెప్పేసినాడు. నేను రేపు అడుగుతా. ఒక్క రేపు ఇయ్యి సామీ, సాలు అంటా. ఇచ్చినాడంటే మళ్ళా వస్తా."

"ఇస్తున్నాడా?"

"ఇస్తానే ఉండాడు."

రేపు అనేది అడగడానికి ఈ జిల్లాలో ఇంతకంటే సరైన చోటు లేదు. ఆ సరుకు ఒక్కటే అక్కడ ఎన్నడూ లేదనిపించుకోలేదు.

"గడ్డం చూస్తే మీరు సాయిబులు గదా, ఈ సామి పేరేందన్నా?"

"ఇక్కడ అందరూ పనితోనే పిలిచేవాళ్ళమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

తిరుగు బస్సులో కండక్టరక్క టికెట్టు కొడుతూ చెప్పింది. "సార్, మీ అర్జీ మీద వచ్చే బేస్తవారం డిపో నుంచి మనిషి వస్తుండాడంట. దర్జీ ఉంటే దర్జీ అని రాస్తాడు, దర్గా ఉంటే దర్గా అని రాస్తాడు. రెండూ లేకపోతే స్టేజి ఎత్తేస్తారంట."

"ఎత్తేయమని నేను రాయలేదక్కా. పేరు మార్చమన్నాను."

"పేరుండాలంటే మనిషుండాల గదా సార్."

ఆ వారమంతా అన్నం సహించలేదని రాస్తే బాగుంటుంది. తిన్నాను, ఏం తిన్నానో గుర్తులేదు. నిజం చెబితే అక్కడ దర్జీ లేడు, దర్గా లేదు, బస్సు ఆగదు. ఆమె వచ్చినా దిగడానికి చోటుండదు. అబద్ధం చెబితే బస్సు ఆగుతుంది, కానీ దర్జీ అన్న కేక ఇక వినపడదు. నా చేతులతో నేనే దాని మీద మట్టి వేసినట్టు. ఒకసారి వేశాను. రెండోసారి అలవాటు కాలేదు.

డిపో ఆయన కారులో వచ్చాడు. బస్సులో అయితే ఆలస్యమవుతుందట. ఆమె అప్పటికే వచ్చి, కాస్త ఎడంగా కూర్చుని అగ్గిపుల్ల గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెడుతోంది. ఆయన కాగితాల అట్ట తీసి నా వైపు తిరిగాడు.

"అర్జీ మీదేనా?"

"నాదే సార్."

"దర్గానా, కొట్టా? ఒకటి చెప్పండి."

"ఇక్కడ ఒకాయన ఉండేవారు సార్."

"ఊఁ."

"చుట్టుపక్కల ఊళ్ళ జనం గుడ్డలు తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఏం కావాలో చెప్పుకునేవాళ్ళు."

రాసుకున్నాడు. "ఆయనేమనేవాడు?"

"రేపు రమ్మనేవారు."

"వస్తే పని జరిగేదా?"

"జరిగేది సార్. కొంచెం ఆలస్యంగా."

"ఆయన పోయింది ఇక్కడేనా?"

"ఇక్కడే. ఆ పొగ వచ్చే చోటే."

"అయితే దర్గానే" అని తేల్చేసి, అర్జీ తిప్పి చూశాడు. "మరి ఇందులో దర్జీ అని రాశారేం?"

"అచ్చు తప్పు సార్."

ఆ మాట మీద గీత కొట్టి, పక్కన పూర్తి పేరు, తండ్రి పేరు రాసి సంతకం పెట్టమన్నాడు. కొట్టాను. గీత పక్కనే మా నాన్న పేరు నా చేతి రాతతో రాశాను. కారు వెళ్ళిపోయింది.

మరుసటి గురువారం ఆమె రాలేదు. నేను అరుగు మీద కూర్చున్నాను. పాత బూడిద గుంటలోనే ఉంది. ఒక బస్సు వచ్చి ఆగింది, "దర్గా" అన్నారు, ఎవరూ దిగలేదు. అద్దాలు టకటకమని కొట్టుకుని వెళ్ళిపోయాయి. ఇంకో బస్సూ అంతే. మూడో బస్సు కోసం లేస్తూ, ఎవరికి చెబుతున్నానో చూసుకోకుండా, "రేపొస్తా" అన్నాను.

అన్నాక నిలబడిపోయాను. ఆ చోట, ఆ మాట, నా గొంతుతో.

మర్నాడు వెళ్ళాను. మా ఇంట్లో ఆ మాట నిలబడడం అదే మొదలు.

అరుగు మీద ఇద్దరున్నారు. ఆమె, పక్కన లేని గోడకు ఆనుకున్నట్టు వంగి కూర్చున్న ఒక సన్నటి మనిషి. మోచేతి దగ్గర తెల్ల పట్టీ.

"నిన్న మిషను ఖాళీ లేదన్నారన్నా, ఈ దినం పెట్టినారు" అంది. "ఎప్పుడూ బస్సులో కండ్లు మూసుకోని పండుకుంటాడు. ఈ దినం కాస్త తెరిపిగా ఉండాడని చూపిద్దామని దించినా."

ఆయన చుట్టూ చూస్తున్నాడు. రోడ్డు, ఎదుటి కాలువ గట్టు, కింద నాలుగు గుంటలు. "ఇదేందే, ఇది దర్జీ సాయిబు కొట్టు గదా!"

"దర్గా ఇది."

"దర్గా యాడిదే? పెండ్లికి ముందు నేను ఈ పక్క రొయ్యల గుంటల కాడే గదా కాపలా ఉండింది. నా పెండ్లి చొక్కా ఈడనే ఇచ్చినా. రేపు రా, రేపు రా అని తిప్పి తిప్పి, పెండ్లయిన మూడో దినం ఇచ్చినాడు మహానుభావుడు! తాళి కట్టేటప్పుడు మా బావ చొక్కా ఏసుకోనుంటి. చేతులు యాలాడతా ఉండాయని నువ్వే గదా నవ్వితివి."

ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది. "నీకు తెలుసా అన్నా?"

"తెలుసమ్మా. ఆయన మా నాన్న."

ఒక లారీ పోయింది. దాని దుమ్ము అరుగు మీద దిగింది. చెప్పుకోవాల్సిన క్షమాపణ నాకు సిద్ధంగానే ఉంది. ఇన్ని రోజులూ దాన్ని రేపటికి వాయిదా వేస్తూ వచ్చాను. ఆమె చేతిలో అగరొత్తులు ఇంకా వెలిగించలేదు. వాటినే చూస్తూ కూర్చుంది.

"ఆ చొక్కా ఇంకా పెట్లో ఉండాది" అంది చివరికి. "మూడో దినమైనా, ఇచ్చినాడు గదా."

అగ్గిపుల్ల గీసింది.

"పిచ్చిదానా" అని ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆమె వినిపించుకోలేదు. పచ్చ గుడ్డ సర్ది, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, లేచాక నన్ను అడిగింది.

"నీక్కూడా అట్నే ఆలస్యం చేసేవోడా అన్నా, మీ నాయన?"

"లేదమ్మా. ఆలస్యం చేసింది నేను."

బస్సు వచ్చింది. "దర్గా, దర్గా, తొందరగా ఎక్కండి" అని కండక్టరక్క కేక వేసింది.

"దర్జీ కొట్టమ్మా!" అన్నాడాయన, ఉన్న ఊపిరంతా పెట్టి. "దర్జీ కొట్టు!"

"మిషన్లో లేదయ్యా."

ఎర్ర బస్సు మెట్టు మామూలు మనిషికే ఎత్తు. ఒక పక్క ఆమె, ఒక పక్క నేను పట్టుకున్నాం. కాలు పైకెత్తబోతూ ఆయన "అబ్బా" అన్నాడు.

మోకాలి నొప్పి. నాకు తెలుసు. అద్దాలు టకటకమని కొట్టుకుంటూనే ఉన్నాయి. అయినా ఒకసారి వెనక్కి తిరిగి అరుగు వైపు చూశాను, పలుకుతారేమోనని.